పొలములో పెద్దపొడ
(సికింద్రాబాదులో జరిగిన రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వరి వంగడములను గూర్చి, ఎరువులను గూర్చి మాటాడవలసిన నేను ఈ పూట కొండచిలువను గూర్చి మాటాడబోవుచున్నాను. వ్యవసాయ శాస్త్రము బోధించువారికి పాములతో పని యేమి అని మీరు నవ్వుకొనవచ్చును. వరికోతలు దగ్గరకు వచ్చినవి. కోతయంత్రము మడిలో దిగినప్పుడు, గట్టుమీది గడ్డి కోసినప్పుడు, పాతబావిలో పూడిక తీసినప్పుడు ఈ జీవి మీకు ఎదురుపడును. ఎదురుపడినప్పుడు సాధారణముగా రెండే జరుగుచున్నవి. కర్రలు తీసికొని చంపుదురు. లేదా కుర్రవాండ్రు దానిని మెడలో వేసికొని ఫోటో తీయించుకొందురు. రెండును తప్పే. రెండింటికిని మూలము దాని స్వభావము తెలియకపోవుటయే.

క్రిందటి వానాకాలములో కీసర వైపు ఒక గ్రామమునకు కందిపైరు చూచుటకు వెళ్ళినాను. పని ముగించుకొని తిరిగి వచ్చుచుండగా ఒక రైతు నన్ను ప్రక్కకు పిలిచి, "సారూ, మా చిన్నోడు కందిచేన్ల కొండచిలువ పిల్లను పట్టిండు. వడ్ల కాడ ఉంచితే ఎలుకలు రావంటున్నడు. ఉంచుకోవచ్చునా?" అని అడిగినాడు. ఉంచుకొనరాదని చెప్పినాను. వీలు చూచుకొని వచ్చి చూచెదనని కూడ చెప్పినాను. ఆ వీలు చిక్కుటకు మూడు దినములు పట్టినది. ఆ మూడు దినముల ఆలస్యమును తలచుకొన్నప్పుడు నాకు ఇప్పటికిని మనసు బాగుండదు.

నేను వెళ్ళునప్పటికి ఇంటి వసారాలో ఒక నీలిరంగు ప్లాస్టిక్కు డ్రమ్ము, దానిమీద గోనెపట్ట, పట్టమీద ఇటుక ఉన్నవి. పిల్లవానికి పద్నాలుగేండ్లుండును. చురుకైనవాడు. "రోజూ గిదే యాల్లకు చిట్టెలుకను ఏస్తున్న సార్, నన్ను గుర్తు పడుతది. నిన్న ఈపు మీద చెయ్యి పెడితే ఏమనలే" అని చెప్పుచు పట్ట తొలగించినాడు. లోపల చుట్టుకొని ఉన్న పాము వీపుమీద ఒకదాని వెంట ఒకటిగా, గొలుసు పరచినట్లు, నల్లని అంచుగల గుండ్రని మచ్చలు. అది కొండచిలువ కాదు, రక్తపింజర. పిల్లవాని చేయి పట్టుకొని వెనుకకు లాగినాను. డ్రమ్మునకు గట్టి మూతపెట్టి, దూరముగా జరిగి, అటవీశాఖవారికి ఫోను చేయించినాను. సాయంకాలమునకు వారు మనుష్యులను పంపి పట్టుకొనిపోయినారు. అంతవరకు ఆ తల్లి వాకిటనే కూర్చుండిపోయినది, పొయ్యి వెలిగించలేదు.

పగటివేళ రక్తపింజర మందముగా పడియుండును. దానినే పిల్లవాడు మచ్చిక అనుకొన్నాడు. ఎవరో ఫోనులో చూపిన బొమ్మతో పోల్చుకొని కొండచిలువ పిల్ల అని నమ్మినాడు.

ఈ పొరపాటునకు ఆస్కారము చాల పాతది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లాండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి, విశాఖపట్నములోను కోరమాండలు తీరమందును పాములను సేకరించి, 1796లో లండనులో ఒక పెద్ద గ్రంథము వెలువరించినాడు. అందులో మన తెలుగు పేర్లనే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నాడు. కొండచిలువకు అతడు వ్రాసిన పేరు పెద్దపొడ. రక్తపింజరకు వ్రాసిన పేరు కాటుకరేకుల పొడ. పొడ యనగా మచ్చ. రెండింటి ఒంటిమీదను మచ్చలుండుటచేత మన పెద్దలు రెండింటికిని ఒకే ఇంటిపేరు పెట్టి, ముందు మాటతో వేరు చేసినారు. రక్తపింజర మచ్చచుట్టు నిజముగా కాటుక దిద్దినట్లే ఉండును. ఆ పేరు పెట్టినవారెవరో గాని బాగుగా చూచినారు. నేడు ప్రపంచమంతయు ఆ పామును రస్సెల్ పేరుతోనే పిలుచుచున్నది. కాటుకరేకులను మనమే మరచినాము.

గుర్తులు చెప్పెదను, జ్ఞాపకముంచుకొనుడు. రక్తపింజర మచ్చలు మూడు వరుసలలో క్రమముగా, గుండ్రముగానో కోలగానో ఉండును. చర్మము గరుకు. శరీరము పొట్టిగా లావుగా ఉండి తోక చటుక్కున సన్నబడును. తల ముక్కోణము, మెడ సన్నము. చెనకినచో వంటింటి కుక్కరు ఆవిరి విడిచినట్లు గట్టిగా, ఆపకుండ బుస కొట్టును. కొండచిలువ మచ్చలకు క్రమము లేదు. పెద్దవి, చిన్నవి, వంకరవి, పగిలిన పెంకులను అతికించినట్లుండును. చర్మము నున్నగా మెరయును. తల పొడవుగా ఉండి, దానిమీద ఈటెమొన వంటి గుర్తు కనిపించును. ఇవి చూచుటకు దగ్గరకు పోవలెనా అని అడిగెదరేమో. పోనక్కరలేదు. అనుమానమున్నచోట అది రక్తపింజరయే అనుకొని పది అడుగుల దూరము పాటించుడు. ముఖ్యముగా రెండడుగుల లోపు పొడవున్న 'కొండచిలువ పిల్ల'ను ఎవరు చూపినను నమ్మవద్దు.

ఇక అసలు కొండచిలువ మాట. మన తెలంగాణ, ఆంధ్ర ప్రాంతములలో ఉండునది భారతీయ కొండచిలువ. దీనికి విషము లేదు. సాధారణముగా పది అడుగుల వరకు పెరుగును. అంతకు మించినవియు ఉండును. ఎలుక, పందికొక్కు, కుందేలు, పక్షి, అప్పుడప్పుడు మేకపిల్ల దీని ఆహారము. ఆహారము వెదకుచు పరుగులు తీయదు. దారిలో కాచుకొని ఉండును. పెదవులమీద చిన్న గుంటలున్నవి. వాటితో చీకటిలో కూడ వెచ్చని ప్రాణి ఎక్కడ ఉన్నదో పసిగట్టును. చీలిన నాలుకతో వాసన పట్టును. నేలమీది అదురును ఒంటితో గ్రహించును. ఈ మూడింటిని మనసులో ఉంచుకొన్నచో దాని నడవడి చాలవరకు అర్థమగును.

అది ఎముకలు విరగగొట్టి చంపునని అందురు. అది నిజము కాదు. చుట్టుకొని బిగించుటచేత లోపలి ప్రాణికి రక్తప్రసారము నిలిచిపోవును. దీని దూరపు బంధువైన బోవా అను పాముమీద అమెరికాలో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, ఎలుకను చుట్టిన కొద్ది క్షణములలోనే రక్తపుపోటు పడిపోవుట కొలిచి చూపినారు. మనిషిని మ్రింగునను భయము కూడ మన కొండచిలువ విషయమున అనవసరము. 2017లో ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఒక మనిషిని పాము మ్రింగిన మాట నిజమే. ఆ దృశ్యము మీ ఫోనులలోనికి కూడ వచ్చియుండును. అది రెటిక్యులేటెడ్ పైథాన్ అను వేరొక జాతి, ప్రపంచములోకెల్ల పొడవైనది. అయినను పసిపిల్లలను దేనిదగ్గరను వదలరాదు, అది వేరే మాట.

కొండచిలువ కరచుటకు కారణములు ప్రధానముగా రెండు. మొదటిది భయము. ఎదురుపడిన కొండచిలువ సాధారణముగా కదలక పడియుండును, లేదా మెల్లగా జారిపోవును. దారి మూసివేసి, కర్రతో పొడిచి, తోక పట్టి లాగినప్పుడు బుస కొట్టును, మెడను ఇంగ్లీషు ఎస్ అక్షరమువలె వెనుకకు వంచును. ఆ వంపు కనబడినచో తరువాతిది కాటే. భయముతో వేసిన కాటు చటుక్కున వేసి చటుక్కున వదలును. పిల్లవి పెద్దవానికంటె ఎక్కువగా కరచును. చిన్న ప్రాణికి శత్రువులు ఎక్కువ గదా.

రెండవది మేత అని పొరబడుట. ఇది భయపు కాటు కంటె చెడ్డది, ఏలయన మేత అనుకొని పట్టినది వదలదు, చుట్టుకొనును. దీనిని నేను పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. నేను పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఇంటివద్ద ఉన్న రోజులలో మా కోళ్ళగూటిలో ఆరడుగుల కొండచిలువ దూరినది. రెండు పెట్టలను మ్రింగి, పొట్ట ఉబ్బి, వచ్చిన సందులోనుండి బయటకు పోలేక లోపలనే చుట్టుకొని పడియున్నది. మిగిలిన కోళ్ళను నేనే చేతులతో తీసి బయట వేసినాను. తరువాత అదే చేతిని గూటిలోనికి పెట్టినాను. పాము చల్లగా పడియున్నది గనుక ధైర్యము కలిగినది. నా చేతినిండ కోడివాసన, ఒంటి వెచ్చదనము. అది చేతిని పట్టినది, మోచేతివరకు చుట్టినది. నేను కేకవేసి వెనుకకు గుంజినాను. గుంజుటయే తప్పు. దాని పండ్లు లోపలివైపునకు వంగియుండును. గుంజినకొద్దీ దిగును, చీల్చును. మా నాయనమ్మ వచ్చి, చేయి కదపవద్దని గద్దించి, తోకవైపునుండి ఒక్కొక్క చుట్టే విప్పినది. చన్నీళ్ళు తలమీద పోసిన పిదప అది నోరు తెరచినది. విరిగిన పంటి ముక్కలు రెండు పదిదినముల తరువాత చీముతో బయటకు వచ్చినవి. పాము మ్రింగిన పెట్టలను కక్కి వెళ్ళిపోయినది. పెట్టలును పోయినవి, దాని ఆహారమును పోయినది, నా చేయియు పోయినంత పనైనది.

కనుక తోకవైపునుండి విప్పుట గుర్తుంచుకొనుడు. తలవైపునుండి విప్పబోయినచో బలము సరిపోదు. కాటు గాయమును సబ్బునీటితో బాగుగా కడిగి, ఆసుపత్రికి పోయి ధనుర్వాతపు సూదిమందు వేయించుకొనవలెను. అయితే కరచినది కొండచిలువయే అని ఖండితముగా తెలిసినప్పుడే ఈ మాట. ఏ కొంచెము అనుమానమున్నను అది విషపుకాటే అనుకొని, కట్టులు బిగింపక, గాయము కోయక, కాలు చేతులు కదపనీయక 108 వాహనములో ఆసుపత్రికి చేర్చవలెను. పాముమందు అక్కడనే ఉన్నది, మంత్రములో లేదు.

జంతుప్రదర్శనశాలలలో పెద్ద కొండచిలువలను చూచువారి పద్ధతి చూచినచో ఈ రెండు కాటులనుండియు ఎట్లు తప్పించుకొనుచున్నారో తెలియును. మేత వాసన లేకుండ చేతులు కడుగుకొందురు. గది తెరచిన వెంటనే చేయి పెట్టరు. ముందు కొక్కెపు కర్రతో ఒంటిని మెల్లగా తాకుదురు. ఇది మేత కాదు, మనిషి వచ్చినాడు అని పామునకు తెలియుటకే ఆ తాకుట. మేత తిన్న పిదప కొన్ని దినములు ముట్టరు. కుబుసము విడుచుటకు ముందు కన్నులు పాలవలె తెల్లబడి చూపు మందగించును, అప్పుడును ముట్టరు. పెద్దదానిని ఒంటరిగా ఎత్తరు. ఇద్దరు ముగ్గురు చేరి, ఒంటిని పలుచోట్ల ఆసరాతో పట్టుదురు. మెడకు చుట్టుకొనరు. ఏండ్ల తరబడి చూచుచున్నవారు ఇంత జాగ్రత్తపడుట దేనికి? పాము అలవాటు పడును గాని మచ్చిక కాదు. కుక్క యజమానిని చూచి తోక ఆడించును. కొండచిలువ ఊరకున్నదన్న భయము లేదని, ఆకలి లేదని, లేదా చలికి ఒళ్ళు మొద్దుబారినదని అర్థము. ఆ మూడింటిలో ఏది మారినను దాని నడత మారును. ఉదయపు చలిలో కట్టెవలె పడియున్నది మధ్యాహ్నపు ఎండలో చురుకుగా ఉండును.

వడ్ల దగ్గర ఉంచినచో ఎలుకలు పోవునా అను ప్రశ్నకు కూడ సమాధానము ఇందులోనే ఉన్నది. అది పిల్లివలె కాపలా తిరుగదు. ఒకసారి కడుపునిండ తిన్నచో వారముల తరబడి తినకుండ ఉండును. పెద్దవి నెలల తరబడి కూడ ఉండగలవు. డ్రమ్ములో పెట్టినది డ్రమ్ములోని ఎలుకనే తినును, వసారాలోని ఎలుకను కాదు. పొలము గట్టున స్వేచ్ఛగా ఉన్నప్పుడే దానివలన మనకు లాభము. వరిలో పందికొక్కు చేయు నష్టము మీకు నేను చెప్పనక్కరలేదు. కొండచిలువ ఒక్కటే దానిని అరికట్టలేదు గాని, గుడ్లగూబ, నక్క, జెర్రిపోతులతోపాటు తన వంతు తాను చేయుచున్నది.

చట్టము మాట కూడ వినుడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములో కొండచిలువ మొదటి షెడ్యూలులో, అనగా పెద్దపులితోపాటు ఉన్నది. చంపినను, పట్టినను, ఇంట ఉంచుకొన్నను మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్ల వరకు జైలు, జరిమానా. "నాకు తెలియదు" అను మాట న్యాయస్థానములో చెల్లదు. పట్టణములో చదువుకొనుచున్న మీ పిల్లలు బాల్ పైథాన్ అను ఆఫ్రికాజాతి పామును కొన్న స్నేహితుల సంగతి చెప్పవచ్చును. విదేశీ ప్రాణులకు వేరే నిబంధనలున్నవి. వాటిని నమోదు చేయించవలెనని 2024లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. పాము చిన్నదై ముద్దుగా ఉన్నప్పుడు కొనుట, పెరిగిన పిదప ఏదో చెరువుగట్టున వదలుట మాత్రము ఎవరును చేయరాదు.

అట్లు వదలినందువలన ఏమగునో అమెరికాలోని ఫ్లోరిడాలో చూచినారు. అక్కడ ఇండ్లలో పెంచుకొన్న బర్మా కొండచిలువలు, మన కొండచిలువకు దగ్గరి చుట్టములు, తప్పించుకొనియు, వదలివేయబడియు ఎవర్‌గ్లేడ్స్ అను పెద్ద చిత్తడి నేలలో సంతానము వృద్ధిచేసికొన్నవి. 2012లో ప్రచురించిన అధ్యయనములో, అక్కడ రాత్రివేళ దారులలో విరివిగా కనబడుచుండిన రకూను అను జంతువులు తొంబదితొమ్మిది శాతమునకు పైగా తగ్గినట్లు తేల్చినారు. అదే సంవత్సరము ఆ పాము దిగుమతిని అమెరికా నిషేధించినది. వాటిని పట్టుటకు 2017లో మన పొరుగున తమిళనాడునుండి ఇరుళ తెగవారైన మాసి సడైయన్, వడివేల్ గోపాల్ అను ఇద్దరిని పిలిపించుకొన్నారు. వారు పెద్ద పరికరములేవియు లేక, నేలమీది జాడలు చదివి, పొదలు వెదకి పెద్ద పెద్ద పాములను పట్టినారు. 2023లో మన ప్రభుత్వము వారికి పద్మశ్రీ ఇచ్చినది. బడిచదువు లేని విద్యకు దొరికిన ఆ గౌరవమును చూచి నాకు చాల సంతోషము కలిగినది. వారు పాములను పట్టుచున్నారు గదా, మేమేల పట్టరాదు అని మాత్రము అడుగవద్దు. వారిది తరతరముల అనుభవము.

ఇక కోతల పని. యంత్రము దింపుటకు ముందు మడిచుట్టు ఒకసారి నడచి, గట్లమీది పొదలను కర్రతో తట్టుడు. నేల అదిరినచో పాము తొలగిపోవును. మధ్యలో మిగిలిన కడపటి చారను నాలుగు వైపులనుండి చుట్టుముట్టి కోయక, ఒక ప్రక్క దారి విడువుడు. చెరకుతోట చెత్తకు నిప్పు పెట్టువారు కూడ ఒక వైపునుండియే పెట్టవలెను. అసలు పెట్టకుండుట నేలకు మంచిది, దానిని గూర్చి మరొకసారి చెప్పెదను. కొండచిలువ కనిపించినచో మనుష్యులను దూరము జరిపి, కుక్కలను కట్టివేసి, ఒక్కరు దూరమునుండి చూచుచుండవలెను. అటవీశాఖవారికి కబురు చేయుడు. నంబరు తెలియకున్నచో 112కు చేసినను చెప్పుదురు. సికింద్రాబాదు చుట్టుప్రక్కలవారికి 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉన్నది. వారు పాములను పట్టి అడవిలో వదలుచున్నారు. పొట్ట ఉబ్బిన పామును తరుమవద్దు. తరిమినచో కక్కును, కక్కినది మరల తినదు.

అడవిపందులకు, చేపలకు కట్టిన నైలాను వలలలో ఇవి చిక్కుకొనుట ఎక్కువైనది. ముందుకే గాని వెనుకకు జారలేక, పొలుసులలో దారము కోసికొని పోవును. చిక్కిన పామును గుంజవద్దు. ఎండ తగులకుండ ఏదైన అడ్డము పెట్టి, వచ్చువారికొరకు వేచియుండుడు. వల చుట్టు కోయవలసివచ్చును. వలకు నష్టమని ఆపవద్దు. పని లేని రోజులలో వలలను చుట్టి పైన పెట్టుట అన్నింటికంటె సులువు. కోళ్ళగూటికి అంగుళము కంటె సన్నని కన్నుల జాలి వేయించుడు. మా ఇంట ఆ పని చేసియున్నచో నా చేయి బాగుండెడిది.

చలికాలములో మిట్టమధ్యాహ్నము రాతిగుట్టలమీద, పుట్టల దగ్గర ఎండకు పడియున్న కొండచిలువను చూచి చచ్చినదనుకొనవద్దు. రాజస్థానములోని భరతపూరు పక్షికేంద్రములో అవి చలికి ముళ్ళపంది బొరియలలో చేరి, ఎండ రాగానే వాకిట పడుకొనుట పరిశోధకులు చూచినారు. ఎండాకాలములో ఆడది గుడ్లు పెట్టి, వాటిచుట్టు చుట్టుకొని సుమారు రెండు నెలలు కదలదు. చల్లబడినచో కండరములను అదిలించి తన ఒంటివేడి పెంచి గుడ్లను కాచును. న్యూయార్కు జంతుప్రదర్శనశాలలో బర్మా కొండచిలువమీద దీనిని కొలిచి 1966లో ప్రచురించినారు. పాము చల్లని రక్తపు ప్రాణి అని బడిలో మనమందరము చదివినదే. తల్లి అయినప్పుడు అది కూడ వెచ్చబడును. గుడ్లమీద ఉన్నది మీ గట్టున కనిపించినచో ఆ కొంచెము మేర గడ్డి ఆ రెండు నెలలు కోయకుడు. అప్పుడు మాత్రము అది పారిపోదు; దగ్గరకు పోయినచో కరచును.

ఎలుకలకు పెట్టు మందు విషయమున ఒక్క మాట. జింకు ఫాస్ఫైడుతోగాని బ్రోమడయోలోనుతోగాని చచ్చిన ఎలుకలను గట్లమీద వదలక, ఏరి లోతుగా పూడ్చిపెట్టవలెను. వాటిని తిన్న గుడ్లగూబకు, పామునకు అదే విషము సోకును.

ఆ కీసర వైపు పిల్లవాడు నిన్న ఫోను చేసినాడు. వారి గట్టున నిజమైన కొండచిలువ కనిపించినదట, ఎనిమిది అడుగులుండునట, దూరమునుండి చూచినాడట. మచ్చలు ఎట్లున్నవి అని అడిగినాను. "వరుస లేదు సార్, పగిలిన పెంకుల లెక్క ఉన్నయి" అన్నాడు. రేపు ఆ మడిలో కోత. కర్రలతో తట్టుచు ముందు నడచెదమని వాండ్ల నాయన చెప్పినాడు. ఇక మీ ప్రశ్నలు వినెదను.